బోహో సెట్టుకి అయిదుకి రెండు, అందులో ఒకటి లైట్లది

ఆన్‌లైన్‌లో కొన్న బోహో సెట్టుకి, అంటే హాలు అలంకరించుకునే సామానుకి, ముందే మార్కులు చెప్పేస్తాను: అయిదుకి రెండు. ఒకటి లైట్లకి, ఒకటి గోడకి తగిలించే తాడు అల్లికకి. మిగతా సామాను ఉత్తినే ఇచ్చినా వద్దంటాను. కంపెనీ పేరు రాయడం లేదు, రాసినా లాభం లేదు. అదే పరుపు, అదే తెల్లగోడ, మూలన అదే మొక్క ఉన్న ఫొటో పెట్టి ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. ‘బోహో రూమ్ డెకార్ కాంబో’ అని కొడితే వచ్చేవాటిలో ఏదో ఒకటి అనుకోండి.

నేను ఒడిశాలోని రాయగడలో బట్టలు కుడతాను. జాకెట్లు, డ్రెస్సులు, ఫాల్స్, కుచ్చులు, మగ్గం వర్కు తప్ప అన్నీ. కాబట్టి ఇది ఇంటీరియర్ డిజైనర్ రాసినట్టు ఉండదు. గుడ్డ చేతికొస్తే ముందు తిరగేసి లోపలి పక్క చూస్తాను. పైపక్క ఎవరైనా బాగానే చేస్తారు, పనితనం తెలిసేది లోపలే. ఈ సెట్టునీ అలాగే తిరగేసి చూశాను.

అసలు కథ మా అమ్మాయిది. గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. సెలవలకి వచ్చినప్పుడు ఫోను నా మొహం ముందు పెట్టి, “అమ్మా, మన హాలు ఇలా చేద్దామే” అంది. నేలమీద పరుపు, దానిమీద ఆరు రంగుల దిండ్లు, ఒకదానిమీద ఒకటి పరిచిన తివాచీలు, గోడకి తెల్లతాళ్ళ అల్లిక, పేము కుర్చీ, కిటికీ నిండా మొక్కలు, అన్నిటిమీదా పసుపుపచ్చ వెలుగు. నాకూ నచ్చేసింది. జన్మంతా జాకెట్టుకి మ్యాచింగ్ లైనింగ్ వెతికి వెతికి కళ్ళు పోగొట్టుకున్నదాన్ని, ఏదీ దేనికీ మ్యాచ్ కాకూడదు అనే పద్ధతి ఒకటుందంటే ఎంత హాయిగా అనిపించిందో!

బోహో అంటే మా అమ్మాయి చెప్పినదాన్ని బట్టీ, తర్వాత నేను చూసినదాన్ని బట్టీ, ఒక్క షాపులో ఒక్క రోజున కొన్నట్టు కనిపించకపోవడం. తిరిగిన ఊళ్ళలో ఏరుకున్నవి, అమ్మమ్మ ఇచ్చినవి, సంతలో ఇష్టపడి తెచ్చుకున్నవి అన్నీ కలిసి ఉండాలి. 1960లు, 70లలో హిప్పీలు యూరప్ నుంచి బస్సుల్లో, వ్యాన్లలో మన దేశం వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు అచ్చు దుప్పట్లు, అద్దాల పని, ఇత్తడి సామాను, అగరొత్తులు మూటగట్టుకుని పోయారు. ఇప్పుడు బోహో అంటున్నదాంట్లో పెద్దపాలు అదే. మన వీధిలోంచి వెళ్ళిన సరుకు ఫ్యాషనై తిరిగొచ్చింది. అలాంటిదాన్ని ఒకే డబ్బాలో సెట్టుగా పెట్టి అమ్మడమేమిటని అప్పుడే అన్నాను. “నువ్వు ముందు ఆర్డర్ పెట్టవే అమ్మా” అంది. 2,499 రూపాయలు. పెట్టాను.

డబ్బాలో వచ్చినవి: గోడకి తగిలించే తాడు అల్లిక (దీన్నే మాక్రమే అంటారు) ఒకటి, కుండీ వేలాడదీసుకునే తాడు ఒకటి, దిండు గలీబులు నాలుగు, మండలా (గుండ్రటి ముగ్గులాంటి బొమ్మ) అచ్చు వేసిన పెద్ద గుడ్డ, గుండ్రటి జనపనార తివాచీ, డ్రీమ్‌క్యాచర్, ఒక కట్ట పంపాస్ గడ్డి, లైట్ల తీగ.

మాక్రమే సంగతి కాస్త వివరంగా చెప్తాను, నా చేతిపనికి దగ్గరిది కాబట్టి. కర్రకి తాళ్ళు మడిచి ఉచ్చువేసి తగిలించి, కిందకి చదరపు ముళ్ళు వరసలు వరసలుగా వేసుకుంటూ వచ్చి, మధ్యలో సగంముళ్ళతో వజ్రాకారం తీసి, చివర కుచ్చులు వదిలారు. డిజైను ఫొటోలో ఉన్నదే. తాడు మాత్రం ఫొటోలో చిటికెనవేలంత లావు, చేతికొచ్చేసరికి సన్నబడిపోయింది. ‘100 శాతం కాటన్’ అని రాశారు. కాటనో కాదో తెలుసుకోవడానికి టైలర్లకి అగ్గిపుల్ల చాలు. కుచ్చుల అడుగున ఒక పోగు తెంపి పటకారుతో పట్టుకుని వెలిగించాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మంట తీసేశాక కొస ఎర్రగా కాసేపు రాజుకుని, వేళ్ళతో నలిపితే బూడిద పొడిపొడిగా రాలిపోతుంది. ఇది మంట తగలగానే ముడుచుకుపోయి, వెనక్కి పాకి, చివర నల్లగా గట్టి పూసలా తేలింది. ప్లాస్టిక్ వాసన. అంటే పాలిస్టర్ బాగానే కలిసింది. పక్కన నా దగ్గరున్న కాటన్ నాడా తాడు పోగు ఒకటి వెలిగించి మా అమ్మాయికి తేడా చూపించాను. అది వీడియో తీసుకుంది.

అయినా దానికి మార్కు ఎందుకిచ్చానంటే, పనితనం బాగుంది. ముళ్ళన్నీ ఒకే బిగువుతో ఉన్నాయి, ఎక్కడా వరస వంకర పోలేదు. ఎవరో ఓపిగ్గా కూర్చుని వేశారు, మిషను మీద అలాంటిది రాదు. ఇంకోటి, మా ఊరి వానల్లో గోడలకి చెమ్మ పడుతుంది. అసలు కాటన్ అయితే రెండు వానాకాలాలకి పసుపుపచ్చగా తిరిగి మచ్చలు పడుతుంది. పాలిస్టర్ కలిసినందుకు ఇది నిలుస్తుంది. వాళ్ళు అబద్ధం రాయకుండా ‘మిక్స్’ అని రాసుంటే మార్కు నిండుగా ఇచ్చేదాన్ని. ఇప్పుడు మనసు చంపుకుని ఇచ్చాను.

మా అత్తగారు మాత్రం గోడవైపు చూసి, “ఏటే అమ్మీ, ఇంట్లో వల ఏలాడదీసినావు? చేపలేవే?” అన్నారు.

కుండీ తాడు వేరే సంగతి. అది బరువు మోయాలి. అడుగున నాలుగు తాళ్ళనీ కలిపి చుట్టు వేసిన చోట బిగువు లేదు, వేలు పెడితే జారిపోతోంది. మట్టికుండీ, తడిమట్టి, మొక్క కలిపి రెండు మూడు కిలోలు తూగుతాయి, కింద మనుషులు కూర్చునే చోటు. విప్పేసి నేనే మళ్ళీ అల్లాను. వేలాడేవాటికి మూడు పేటల పురితాడు వాడాలి, అది అంతగా సాగదు. ఒంటిపేట తాడు దువ్వితే దూదిలా విచ్చుకుంటుంది కాబట్టి గోడమీది కుచ్చులకే బాగుంటుంది. తర్వాత నేను 3 మిల్లీమీటర్ల కాటన్ తాడు కిలో 350కి తెప్పించుకుని ఇంకో రెండు అల్లుకున్నాను. కొత్తగా వేసేవాళ్ళకి కొలత: అల్లిక ఎంత పొడుగు రావాలో దానికి నాలుగింతలు తాడు, మడిచి తగిలిస్తే ఎనిమిదింతలు కత్తిరించుకోవాలి. మిగిలితే కోసేయొచ్చు, చాలకపోతే అతుకు దాచడం నరకం.

ఇక దిండు గలీబులు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. తిరగేసి చూస్తే కుట్టు పక్కన గుడ్డ పావు అంగుళం కూడా వదల్లేదు, ఓవర్‌లాక్ లేదు. ఒక ఉతుక్కి పోగులు ఊడతాయి, రెండో ఉతుక్కి కుట్టు నోరు తెరుస్తుంది. జిప్పు మూలకి వచ్చేసరికి ముడత. నాలుగు మూలలా కుచ్చులన్నారు, రెండు దారి మధ్యలోనే ఊడిపోయి కవరు అడుగున పడున్నాయి. పదహారు అంగుళాలని రాసి పదిహేనుకి కుట్టారు, పదహారు దిండు దూర్చితే కుట్లమీద ఒత్తిడి పడుతోంది.

కుట్టు పోతే పోనీ, వేరే కుట్టుకుంటాను. కోపం బొమ్మ మీద. రెండు గలీబులమీద మనుషుల బొమ్మలు అచ్చువేసి కింద ‘ఒడిశా ట్రైబల్ ఆర్ట్’ అని రాశారు. అవి వార్లీ బొమ్మలు, మహారాష్ట్ర ఆదివాసులవి. రెండు త్రికోణాలు మొన కలిపి నడుము సన్నగా డమరుకంలా వేస్తే వార్లీ. మా జిల్లాలో లంజియా సవరలనే ఆదివాసుల బొమ్మలు అలా ఉండవు. మనుషులు సన్నగా పొడుగ్గా ఉంటారు, ఆడా మగా తేడా అంతగా కనపడదు. ముందు ఇల్లులాగా నాలుగు పక్కలా గీత కట్టి, అంచులనుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. లోపల ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు, చెట్టెక్కే కోతులు. గుణుపురం దాటి పుట్టాసింగి వైపు కొండ ఊళ్ళలో ఎర్రమన్ను పూసిన గోడమీద బియ్యప్పిండితో, నమిలి మెత్తబరిచిన వెదురుపుల్లతో వేస్తారు. దాన్ని ఇడితాల్ అంటారు. దేవుళ్ళకీ, పోయిన పెద్దలకీ ఇంట్లో చోటు కల్పించడానికి వేసేది అది, అందానికి కాదు. పంటకి, రోగానికి, పురుటికి, ఒక్కో సందర్భానికి ఒక్కో రకంగా వేస్తారు. 2024 జనవరిలో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది.

అందుకే అసలు సవర బొమ్మ వేసిన గలీబులు ఎవరైనా తెచ్చిచ్చినా నేను దిండుకి తొడగను. మన ఇంట్లో దేవుడి పటం అచ్చువేసిన గుడ్డ పరుచుకుని దానిమీద కాళ్ళు చాపుకుంటామా? కాగితంమీద గానీ గుడ్డమీద గానీ వేసి అమ్ముకుంటున్న వాళ్ళ దగ్గర కొని, గోడకి కళ్ళకెదురుగా తగిలించుకుంటే బాగుంటుంది. మా అమ్మాయి మొదట “అంత ఫీలవకమ్మా” అంది గానీ, వాళ్ళ కాలేజీలో పుట్టాసింగి నుంచి వచ్చిన స్నేహితురాలితో మాట్లాడాక ఆ మాట మళ్ళీ అనలేదు.

మండలా గుడ్డ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. తెల్లగుడ్డ తడిపి దానిమీద గట్టిగా రుద్దాను, నీలం మొత్తం దిగింది. కిటికీకి కడితే అవతలివాళ్ళు కనిపించేంత పల్చన. దాన్ని కట్టింగ్ టేబుల్ మీద దుమ్ము పడకుండా కప్పుకుంటున్నాను.

డ్రీమ్‌క్యాచర్ అమెరికాలో ఒజిబ్వే అనే ఆదివాసుల వస్తువట, పిల్లల ఉయ్యాలమీద కట్టేవారు, పీడకలలు ఆ వలలో చిక్కుకుంటాయని. వాళ్ళు చెట్టుకొమ్మ వంచి చేసేవారు. మాకొచ్చింది ప్లాస్టిక్ రింగుకి జిగురుతో దారం అంటించి, కోడి ఈకల్లాంటివి రంగువేసి కట్టినది. జిగురు మరకలు కనపడుతూనే ఉన్నాయి. పక్కింటి పిల్లాడు అడిగితే ఇచ్చేశాను, సైకిలుకి కట్టుకున్నాడు.

తివాచీ చూడ్డానికి బాగుంది. జడలా అల్లి గుండ్రంగా చుట్టి కుట్టినది, అడ్డంగా మూడడుగులు. శీతాకాలంలో కొనుంటే దీనికీ ఒక మార్కు ఇచ్చేదాన్నేమో. జనపనారకి చెమ్మ సరిపడదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మా ఇంట్లో నేల చల్లగా, తేమగానే ఉంటుంది. రోజూ తడిగుడ్డ పెట్టే అలవాటు కూడాను. వారం తిరిగేసరికి నానిన గోనెసంచి వాసన మొదలైంది, ఎత్తి చూస్తే అడుగున తెల్లగా బూజు. ఎండలో వేసి, చీపురుతో దులిపి, ఇప్పుడు గోడవారగా పేము కుర్చీ కింద వేశాను, అక్కడ తడిగుడ్డ పెట్టం. మధ్యలోకి మాత్రం మా అత్తగారి ఈతచాప వచ్చింది, దానిమీద బొంత. చాపకి ఈ గొడవలేం లేవు, తుడిచి చుట్టి నిలబెడితే అయిపోతుంది.

పంపాస్ గడ్డి దగ్గరకొద్దాం. దక్షిణ అమెరికాది, గుర్రపుతోకలా గుబురుగా ఉండే వెన్ను. ఫొటోల్లో మూల జాడీలో పెడితే ఎంత అందమో! మా ఇంట్లో మాత్రం ఫ్యాను వేయగానే హాలంతా నూగు. నా మిషను ఉండేది ఆ ముందుగదిలోనే. నల్ల జాకెట్టు గుడ్డ పరిచి కత్తెర అందుకునేలోపు దానిమీద బూడిద చల్లినట్టు అయిపోయింది. హెయిర్‌స్ప్రే కొడితే రాలదన్నారు, కొట్టాం. కొంత తగ్గింది, వాసన పెరిగింది.

అప్పుడు మా అమ్మాయికి వచ్చిన ఆలోచనే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది. చలికాలం చివర మా సంతల్లోకి కొండచీపుర్ల గడ్డి మోపులు మోపులుగా దిగుతుంది. చీపుర్లు కట్టకముందు ఆ వెన్నులు చూడండి, లేత ఆకుపచ్చ మీద కాస్త ఊదారంగు, ఆరాక గడ్డిరంగు. పంపాస్‌కేం తీసిపోవు. ఒక మోపు తెచ్చి, కొత్తచీపురుకి చేసినట్టే డాబామీద నేలకేసి బాగా దులిపి, నీడలో తలకిందులుగా కట్టి ఆరేశాం. పొడుగాటి మట్టికూజాలో పెట్టి హాలు మూలన నిలబెట్టాం. అయిదారు వందల సరుకు ముందు అరవై రూపాయల మోపు దర్జాగా నిలబడింది.

ఇక మా అత్తగారు! “ఓలమ్మో, చీపురు తెచ్చి నట్టింట్లో నిలబెట్టినారేటే? లచ్చిందేవి గుమ్మం తొక్కుద్దా?” చీపురు నిలబెట్టకూడదు, వచ్చేవాళ్ళకి కనపడకూడదు, ఇదంతా మాకూ తెలుసు. మా అమ్మాయి వాదన ఏమిటంటే, “కట్టేదాకా అది చీపురు కాదు మామ్మా, పువ్వే.” రెండు రోజులు కూజా వరండాలోకీ హాల్లోకీ తిరిగింది. చివరికి రాజీ కుదిరింది. కూజా మెడకి పసుపుదారం కట్టి, పక్కన రెల్లుపూలు కొన్ని కలిపారు. రెల్లయితే నాగావళి ఒడ్డున దసరా ముందు కావలసినంత, అది పూజకి పనికొచ్చే గడ్డేనట. రెల్లు తెచ్చేవాళ్ళు వెన్ను పూర్తిగా విచ్చుకోకముందే కోయాలి, విచ్చుకున్నాక కోస్తే పంపాస్ కంటే అన్యాయం.

లైట్లకి పూర్తి మార్కు. రాగితీగకి గింజల్లాంటి ఎల్ఈడీలు, పది మీటర్లు, ఫోను ఛార్జరుకి పెట్టుకునేవి. తెల్లవి కాకుండా పసుపుపచ్చ వెలుగువి చూసి తీసుకోవాలి. తెల్లవైతే హాలు మందుల షాపులా ఉంటుంది. గాలివానకి కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకుకి పెడితే రాత్రంతా వెలుగుతున్నాయి. మా అత్తగారికి రాత్రిపూట లేచి నడవడానికి ఆసరా అయ్యాయి. ఆవిడ మెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు ఇదే. ఒక్క మాట, ఇవి ఎండుగడ్డి మీద చుట్టకండి, ఫొటోల్లో అలాగే చుట్టి చూపిస్తారు.

వెనక్కి పంపడానికి ప్రయత్నించాను. సెట్టులో ఒక్క వస్తువు వాడినా మొత్తం వెనక్కి తీసుకోరట. కుచ్చులు ఊడిన ఫొటోలు పంపితే వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు, వాళ్ళ దగ్గరే మళ్ళీ కొనడానికి. వదిలేశాను.

మరి హాలు ఎలా తయారైంది అంటారా. సెట్టులోంచి అల్లిక, లైట్లు ఉంచి, మిగతాది మేమే పోగు చేశాం. మొదటిది బొంత. మా అమ్మ పాత నేతచీరలు నాలుగు పొరలు వేసి కుట్టినది, బీరువా అడుగున ఉండిపోయింది. అంచులు చిరిగినచోట నా దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు వేసి అతికాను. కలంకారీ ముక్క పక్కన బరంపురం పట్టు ముక్క, దానిపక్కన లంగాఓణీ జరీ అంచు. టైలరు ఇంట్లో గుడ్డపీలికలకి కొదవా? దిండు గలీబులు కూడా అవే. లోపల మాత్రం ఒక అంగుళం వదిలి, ఓవర్‌లాక్ చేసి, జిప్పుకి రెండు కొసలా అడ్డకుట్టు వేశాను. మూలలకి చీరకుచ్చుల పద్ధతిలో పట్టుదారం కుచ్చులు. పీకినా రావు.

బుధవారం చాటికోన సంత ఉంటుంది, బిస్సంకటక్ దగ్గర. నియమగిరి కొండలమీంచి డోంగ్రియా కోందులనే ఆదివాసులు దిగుతారు, పసుపు, పనస, అనాస, అల్లం పట్టుకుని. వాళ్ళు కప్పుకునే తెల్లశాలువా మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు, గీతలు కుట్టి ఉంటాయి. త్రికోణాలు వాళ్ళ కొండలు. దూరంనుంచి నేతలోనే వచ్చిందనుకున్నాను. ఒకామె కుట్టుకుంటూ కూర్చుంటే పక్కన కూర్చుని చూశాను. అచ్చు లేదు, పెన్సిలు గీత లేదు, గుడ్డపోగులు లెక్కపెట్టుకుంటూ సూది పోనిస్తోంది. నేను వెంటనే తిరగేసి చూడబోతే నవ్వి తనే తిప్పి చూపించింది. నేను మిషనుమీద కూడా అంత నిటారుగా వేయలేను. గుడ్డ నేసేది డోమ్ కులంవాళ్ళు, కుట్టేది డోంగ్రియా ఆడపిల్లలు. ఇష్టమైనవాళ్ళకి కానుకగా ఇస్తారు. దీనికీ 2024 జనవరిలోనే జీఐ వచ్చింది.

ధర వేలల్లో చెప్పింది, బేరం ఆడబుద్ధి కాలేదు. బేరం లేకుండా కొనేంత డబ్బూ లేదు. “మళ్ళీ వస్తాను అపా (అక్కా)” అని లేచాను. అక్కడే ఒకతను ఇలాంటి డిజైనే మిషను ఎంబ్రాయిడరీ చేసి దిండు గలీబులు అమ్ముతున్నాడు, రెండొందలకి. కొనలేదు. ఆమె ఎదురుగా అవి కొని సంచిలో వేసుకుని ఎలా వెళ్తాను?

కొట్‌పాడ్ నేత ముక్క ఒక్కటి మాత్రం సంపాదించాను. కొరాపుట్ జిల్లా, జయపురం దాటాక కొట్‌పాడ్. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళు నూలుని ఆముదం, పేడ, బూడిదనీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి, తర్వాత ఆల్ చెట్టు వేరు బెరడుతో రంగు ఎక్కిస్తారు. మెరూన్, ముదురు గోధుమ వస్తాయి, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపితే నలుపు తిరుగుతుంది. ఒడిశాలో మొట్టమొదట జీఐ వచ్చిన సరుకు ఇదే, 2005లో. అక్కడి గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. నాది చిన్న స్టోల్, పేము కుర్చీ వీపుమీద వేశాను. మండలా గుడ్డకి చేసిన తడి పరీక్షే దీనికీ చేశాను. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది.

పూరీ జిల్లా పిప్పిలి గుడ్డదీపాలు మా ఊళ్ళో జరిగే చైతీ ఉత్సవాల స్టాళ్ళలో తీసుకున్నవి. ముక్కలు కత్తిరించి అంచు లోపలికి మడిచి అతికే పని అది, జగన్నాథుడి రథాలకి, ఛత్రాలకి చేసేవాళ్ళ పని. ఇప్పుడు స్టాళ్ళలో దొరికేవాటిలో సగం అంచు మడవకుండా జిగ్‌జాగ్ కొట్టేస్తున్నారు. వేలితో అంచు తడిమి చూసి కొనండి. మేము ఎరుపు పసుపుది ఒకటి, ఎరుపు నలుపుది ఒకటి తీసుకున్నాం. అవి జగన్నాథుడి రథం రంగులూ, సుభద్ర రథం రంగులూ అయ్యాయి, బలభద్రుడి రథం ఎరుపు ఆకుపచ్చ ఎక్కడని మా అత్తగారు అడుగుతూనే ఉన్నారు. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలి, వేడెక్కే బల్బు పెడితే గుడ్డ కమిలిపోతుంది.

అరుగుమీద మా అత్తగారి పుట్టింటి ఇత్తడి చెంబు, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసినది, అందులో మనీప్లాంటు. వెదురు చేట ఒకటి గోడకి, అద్దం మధ్యలో అంటించి. వెదురు తట్ట బోర్లించి బల్బుకి కప్పు చేశాం. గోడమీద పడే నీడ చూసి, ఫాల్స్ కోసం వచ్చిన ఒక కస్టమరు తట్ట ఎంతకిస్తారని అడిగింది. తట్ట నలభై రూపాయలేనమ్మా అంటే నమ్మలేదు.

మొత్తం మీద సెట్టు కాకుండా మాకు అయిన ఖర్చులో కొట్‌పాడ్‌దే పెద్దది, తర్వాత పిప్పిలి దీపాలు. మిగతావన్నీ కలిపి ఆ 2,499లో సగం కూడా అవలేదు. సంతలు దూరమైనవాళ్ళు, ఊరుకాని ఊళ్ళో అద్దెగదుల్లో ఉండేవాళ్ళు సెట్టు కొంటారు, నాకర్థమవుతుంది. అలాంటివాళ్ళు లైట్లు, మాక్రమే విడిగా తీసుకోండి, రెండూ కలిపి ఎనిమిదొందలు దాటవు. గలీబులు మాత్రం మీ వీధిలో టైలరు చేత కుట్టించుకోండి. పాత చీర మీరిస్తే నేనయితే జతకి నూటయాభై తీసుకుంటాను, కుచ్చులకి వేరే.

ఇక మిగిలింది ఉయ్యాల కుర్చీ. పేముతో గుడ్డు ఆకారంలో అల్లి పైకప్పుకి వేలాడదీసేది. అది లేకపోతే బోహో పూర్తి కాదంటోంది మా అమ్మాయి. మాది అద్దె ఇల్లు, పాత స్లాబు. హుక్కు కోసం కన్నం పెడితే ఒప్పుకోనని ఇంటాయన అన్నాడు. ఇనుప స్టాండుతో వచ్చేది కొనొచ్చు గానీ దాని స్టాండు నా మిషను చోటుకంటే ఎక్కువ తింటుంది. బరంపురంలో పేము పనివాళ్ళ దగ్గర చిన్న సైజు చేయిస్తారని విన్నాను. దసరాకి ఆ వైపు వెళ్ళే పని ఉంది, టేపు పట్టుకెళ్తాను.